స్టీరింగ్ బిగుసుకుపోతే మోటారే పోయినట్టా? 24 వోల్టుల బస్సులో అసలు లోపం పట్టుకునే పద్ధతి

ప్రశ్న అడిగిన తమ్ముడిది నరసన్నపేట. నడిపేది పైడిభీమవరం ఫార్మా కంపెనీల స్టాఫ్ డ్యూటీలో తిరిగే బ్యాటరీ బస్సు. స్టీరింగ్ బాక్సు హైడ్రాలిక్‌దే, కాకపోతే ఆయిల్ పంపుని ఇంజిన్‌కి బదులు 24 వోల్టుల మోటార్ తిప్పుతుంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేదట. కంపెనీ గేటు దగ్గర బండి ఆపి ఫుల్ కటింగ్ కొట్టేసరికి, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పేసరికి, స్టీరింగ్ బిగుసుకుపోతోంది, ఎర్ర లైటు వెలుగుతోంది. తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్ళీ మామూలే. వర్క్‌షాపులో మోటార్ అసెంబ్లీ మొత్తం మార్చేయాలన్నారు. నిజంగా మోటారే పోయిందా, ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మోటార్ మీద నాకు అనుమానం తక్కువ. లోడు పడ్డప్పుడే ఆగిపోవడం, తాళం తిప్పగానే తిరిగి రావడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు చూడాల్సింది మోటారుకి కరెంటు సరిగా అందుతోందా లేదా అని. వైండింగ్ కాలిన మోటార్ తాళం తిప్పినంత మాత్రాన బాగుపడదు. కాబట్టి దేనికీ ఆర్డర్ పెట్టకముందు, స్టీరింగ్ మీద బరువు ఉండగా వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎంత వోల్టేజ్ పోతోందో, కొలిపించండి. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు తీసిన రీడింగుని పట్టించుకోవద్దు. అలా కొలిస్తే పాడైన వైరింగ్ కూడా నిండుగా 24 వోల్టులు చూపిస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. బ్యాటరీ బస్సుల్లో అన్ని స్టీరింగ్ మోటార్లూ 24 వోల్టులవి కావు. కొన్నిటిలో పెద్ద బ్యాటరీ నుంచే ఇన్వర్టర్ ద్వారా మూడు ఫేజుల కరెంటు వస్తుంది. అది ప్రాణం తీసే వోల్టేజ్. మోటార్ దగ్గరికి వచ్చే కేబుల్ నారింజ రంగులో ఉంటే చెయ్యి పెట్టకండి. పెద్ద బ్యాటరీ కరెంటుని తెంచే సర్వీస్ ప్లగ్ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, 1000 వోల్టుల గ్లవుజులు వేసుకుని, కరెంటు పూర్తిగా పోయిందని మీటరుతో చూసుకున్నాకే ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్ళు ముట్టుకోవాలి. ఇకపై నేను చెప్పేదంతా మీ బండిలాంటి 24 వోల్టుల మోటార్ గురించే.

లోడు ఉండగానే ఎందుకు కొలవాలి

బండి కదులుతున్నప్పుడు టైర్లు దొర్లుతూ తిరుగుతాయి కాబట్టి స్టీరింగ్ మీద పెద్ద బరువు ఉండదు. మోటార్ తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది. అదే ఆగిన బండిలో ఫుల్ కటింగ్ కొడితే ముందు యాక్సిల్ మీదున్న టన్నుల బరువుతో టైర్లు తారురోడ్డుని రుద్దుకుంటూ తిరగాలి. ఆ క్షణంలో మోటార్ సైజుని బట్టి 60, 80, ఒక్కోసారి 100 ఆంప్స్ దాకా లాగుతుంది. మీ స్టీరింగ్ హైవే మీద బాగుండి గేటు దగ్గరే మొరాయించడానికి కారణం ఇదే. గేటు దగ్గర కొత్తగా లోపం పుట్టడం లేదు. ఎప్పుడూ ఉన్న లోపం అక్కడ బయటపడుతోంది, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. దారిలో ఒక లగ్గు, అంటే వైరు చివర బోల్టుకి బిగించే లోహపు కొస, వదులై 10 మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. మామూలు టెస్టర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే అది కనిపించదు, టెస్టర్ వైర్ల రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ. 2 ఆంప్స్ పారినప్పుడు అక్కడ పోయేది 0.02 వోల్టులు, ఎవరికీ తెలియదు. అదే 80 ఆంప్స్ పారితే ఆ ఒక్క జాయింట్ దగ్గరే 0.8 వోల్టులు పోతాయి, 64 వాట్ల వేడి పుడుతుంది. వేలెడంత లగ్గులో సోల్డరింగ్ ఐరన్ కాలుతున్నట్టన్నమాట. వేడికి లగ్గు ఇంకా వదులవుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. ఇలాంటివి దారిలో మూడు నాలుగు ఉండి, బ్యాటరీ కూడా కొంచెం నీరసంగా ఉందంటే మోటారుని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా, అంటే కంట్రోలర్, దగ్గరికి చేరేసరికి 20 వోల్టులు కూడా మిగలవు. కంట్రోలర్లకి తక్కువ వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది. బండిని బట్టి మారినా, సాధారణంగా 18 నుంచి 20 వోల్టుల మధ్య. అక్కడికి పడగానే మోటార్ ఆపేసి లైటు వెలిగిస్తుంది. తాళం ఆఫ్ చేస్తే ఆ లాక్ పోతుంది, బ్యాటరీ కోలుకుంటుంది, అంతా బాగైనట్టు కనిపిస్తుంది.

కొలిచే పద్ధతి

టెస్టర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి. కనిష్ఠ, గరిష్ఠ రీడింగులని గుర్తుపెట్టుకునే మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న టెస్టర్ అయితే మరీ మంచిది, ఎందుకంటే వోల్టేజ్ పడి లేచేది క్షణంలోనే, అంకెలు మారేలోగా కన్ను తప్పిపోతుంది. డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి. బండి గట్టి నేల మీద, బ్రేకు వేసి ఉండాలి. తడి బంకమట్టి మీద ఉంటే టైర్లు సులువుగా జారతాయి, అసలు లోడు పడదు.

మొదటి కొలత బ్యాటరీ దగ్గర. ఒక రాత్రి ఆగిన బ్యాటరీ జతలో 25.2 వోల్టులకి తగ్గకూడదు. తాళం తిప్పి బండి రెడీలోకి (నడవడానికి సిద్ధంగా) వచ్చాక 27 నుంచి 28.5 మధ్య ఉండాలి. డీజిల్ బండిలో అయితే ఆ వోల్టేజ్ ఆల్టర్నేటర్ ఇస్తుంది. మీది బ్యాటరీ బస్సు కాబట్టి పెద్ద బ్యాటరీ కరెంటుని 24 వోల్టులకి దించే డీసీ కన్వర్టర్ ఇవ్వాలి. రెడీలోకి వచ్చినా 25 దగ్గరే ఆగిపోతే ఆ కన్వర్టర్ పనిచేయడం లేదు, లేదా దాని ఫ్యూజు పోయింది. అలాంటి బండి పొద్దున బాగుండి సాయంత్రం షిఫ్టుకి మొరాయిస్తుంది. 24 వోల్టుల లైన్ మీద ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేది స్టీరింగే కాబట్టి ఫిర్యాదు ముందు దాని నుంచే వస్తుంది.

రెండో కొలత ముఖ్యం. ఎర్ర ప్రోబ్‌ని బ్యాటరీ ప్లస్ సీసం స్తంభం మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. నల్ల ప్రోబ్ కంట్రోలర్ ప్లస్ బోల్టు మీద. ఇప్పుడు సీట్లో ఉన్న మనిషిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకి స్టీరింగ్ తిప్పమనండి. తిరుగుతున్నంతసేపు టెస్టర్ చూపించే వోల్టేజే దారిలో మాయమవుతున్న వోల్టేజ్. ప్లస్ వైపు 0.5 వోల్టు దాటితే వైరింగ్‌లో పని ఉంది. అలాగే బ్యాటరీ మైనస్ స్తంభం నుంచి కంట్రోలర్ మైనస్ బోల్టుకి. అక్కడ 0.3 దాటకూడదు. చివరి కటింగ్ దగ్గర స్టీరింగ్‌ని అయిదు సెకన్లకి మించి పట్టుకోనివ్వకండి, ఆయిల్ కాగిపోతుంది, పంపు దెబ్బతింటుంది.

రీడింగు ఎక్కువ వచ్చిందా, అయితే దారిని ముక్కలు చేయండి. స్తంభం నుంచి క్లాంపుకి, క్లాంపు నుంచి కట్-ఆఫ్ స్విచ్‌కి (బ్యాటరీ కరెంటు మొత్తం ఆపే స్విచ్), స్విచ్ అటు నుంచి ఇటుకి, పెద్ద ఫ్యూజు అటు నుంచి ఇటుకి, లగ్గు నుంచి వైరుకి. ప్రతిసారీ స్టీరింగ్ తిప్పిస్తూనే. ఏ ముక్క దగ్గర వోల్టేజ్ ఎక్కువ కనిపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు. కట్-ఆఫ్ స్విచ్‌ని చాలామంది మర్చిపోతారు. పైకి దిట్టంగా ఉంటుంది, లోపల కాంటాక్టులు కాలి నల్లబడి ఉంటాయి. బోల్టుతో బిగించే పట్టీ ఫ్యూజులో సన్నటి పగులు వచ్చినా అంతే, టెస్టర్ బీప్ అంటుంది, లోడుకి నిలవదు.

నా షెడ్డు విజయనగరంలో, సాలూరు వెళ్ళే రోడ్డు మీద. ఒడిశా ఘాటు ఎక్కి దిగే సాలూరు లారీల వైరింగుతోనే నేను పని నేర్చుకున్నాను. జిల్లాలు విడిపోయాక సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది గానీ లారీలు ఇంకా ఇటే వస్తాయి. ఈమధ్య బ్యాటరీ బస్సులు కూడా వస్తున్నాయి. అలా వచ్చిన ఒక స్టాఫ్ బస్సు మీ కేసులాంటిదే. ప్లస్ వైపు అంతా బాగుంది. మైనస్ వైపు ఫుల్ కటింగ్‌లో 1.9 వోల్టులు పోతోంది. చాసిస్ కిందికి దూరి చూస్తే, అంతకు ముందు బండికి కొత్తగా పెయింట్ వేయించారు. ఎర్త్ లగ్గు విప్పి, చాసిస్‌కి మందంగా రంగు కొట్టి, ఆరాక ఆ రంగు మీదే లగ్గు బిగించేశారు. బోల్టు మర మీదుగా పారుతున్న కరెంటే మొత్తం కరెంటు. లగ్గు చుట్టూ రంగు పొంగి, అంచు గోధుమ రంగుకి తిరిగి ఉంది. గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, ముళ్ళ వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాస్తే 0.15కి వచ్చింది. ఆ ఓనరు చేతిలో కొత్త మోటారుకి కొటేషన్ అప్పటికే ఉంది.

బ్యాటరీలు రెండూ వేర్వేరుగా చూడండి

24 వోల్టులంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా. కలిపి కొలిస్తే ఒకదాని జబ్బు రెండోది కప్పేస్తుంది. స్టీరింగ్ తిప్పుతూ ఒక్కోదాన్ని విడిగా కొలవండి. ఒకటి 12 దగ్గర నిలబడి రెండోది 9కి జారిపోతే సంగతి తేలిపోయినట్టే.

మన వైపు స్టాఫ్ బస్సుల్లో, పెళ్ళి బస్సుల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మ్యూజిక్ సెట్టు, ఫోన్ చార్జర్లు, డెకరేషన్ లైట్లు 12 వోల్టులవి. వాటికోసం రెండు బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగేస్తారు. దాంతో కింది బ్యాటరీ, అంటే ఎర్త్ వైపుది, రోజూ అదనంగా ఖర్చవుతుంది, చార్జింగ్ మాత్రం ఇద్దరికీ ఒకటే అందుతుంది. కింది బ్యాటరీ ఆకలితో, పైది అతి చార్జింగుతో, రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ విడిగా దొరుకుతుంది, ఆ మధ్య వైరు తీసేసి అది పెట్టించండి. బ్యాటరీ మార్చాల్సి వస్తే రెండూ ఒకే రకం, ఒకే వయసువి, ఒకేసారి మార్చండి.

కరెంటు కూడా కొలిస్తే కథ పూర్తవుతుంది

డీసీ క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. ఏసీ క్లాంపు ఇక్కడ పనికిరాదు. కంట్రోలర్‌కి వెళ్ళే ప్లస్ కేబుల్‌కి క్లాంపు వేసి, కంట్రోలర్ బోల్టుల దగ్గర వోల్టేజ్ కూడా చూస్తూ స్టీరింగ్ తిప్పించండి. నేను ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకునే ఎటు వెళ్ళాలో తేల్చుకుంటాను.

వోల్టేజ్ పడిపోతూ కరెంటు మామూలుగా ఉంటే లోపం దారిలో గానీ బ్యాటరీలో గానీ ఉంది. వోల్టేజ్ బాగుండి కరెంటు మరీ ఎక్కువగా ఉంటే ముందు మెకానికల్ వైపు చూడండి. వోల్టేజ్ నిండుగా ఉండి కరెంటు అసలు లేకపోతే అప్పుడు కంట్రోలర్, సెన్సర్, సిగ్నల్ వైర్లు, చివరిగా మోటార్.

రెండోదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము ఎలక్ట్రీషియన్లం ఎక్కువగా వదిలేసేది దాన్నే. ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకి గ్రీజు అందక బిగుసుకుంటే, బాల్ జాయింట్లు పట్టేస్తే, ముందు టైర్లలో గాలి తక్కువుంటే, ఆయిల్ ఫిల్టర్ మూసుకుపోతే, కంపెనీ చెప్పని చిక్కటి ఆయిల్ పోస్తే మోటార్ గింజుకుంటుంది, వేడెక్కుతుంది. కంట్రోలర్ తనని తాను కాపాడుకోవడానికి బలం తగ్గిస్తుంది, ఇంకా వేడెక్కితే ఆపేస్తుంది. లక్షణం అచ్చం కరెంటు లోపంలాగే ఉంటుంది. ముందు యాక్సిల్ జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, స్టీరింగ్ బాక్సుని చక్రాలకి కలిపే రాడ్ (డ్రాగ్ లింక్) విప్పి చక్రాలని చేత్తో అటూ ఇటూ తిప్పండి. మనిషి బలానికి సాఫీగా తిరగాలి. కొంత దూరం వెళ్ళి పట్టేస్తుంటే మోటార్ జోలికి వెళ్ళకుండా కింగ్‌పిన్ పని చేయించండి. గుర్తు పట్టడానికి ఒక తేడా ఉంది. వోల్టేజ్ లోపం ఒక్క క్షణంలో కొట్టేస్తుంది, తాళం తిప్పగానే తిరిగొస్తుంది. వేడి లోపం మెల్లగా బరువెక్కుతూ వస్తుంది, తాళం తిప్పినా వెంటనే తిరిగిరాదు, చల్లారాలి. మీరు రాసినది మొదటి రకంలా ఉంది.

ఎర్రర్ కోడ్ చెరిపేయనివ్వకండి

స్కానర్ పెట్టగానే కోడ్లు చెరిపేసి, మళ్ళీ వస్తుందేమో చూద్దాం అనే అలవాటు చాలాచోట్ల ఉంది. ముందు ఫోటో తీసుకోండి. భారీ వాహనాల్లో కోడ్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి ఏ భాగం అన్నది, రెండోది ఎలాంటి లోపం అన్నది. రెండోదాన్ని ఎఫ్ఎంఐ అంటారు, ఆ అంకె చాలా పనికొస్తుంది. 3 అంటే వోల్టేజ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ, లేదా ప్లస్‌కి తగిలింది. 4 అంటే తక్కువ, లేదా ఎర్త్‌కి తగిలింది. 5 అంటే కరెంటు తక్కువ, అంటే వైరు తెగి ఉండొచ్చు. 6 అంటే కరెంటు ఎక్కువ, అంటే ఎక్కడో షార్ట్. 12 అంటే ఆ కంట్రోలర్ లోపలే చెడిందని. సప్లై వోల్టేజ్ మీద 4 వచ్చిందంటే పైన చెప్పిన డ్రాప్ పరీక్షే మీ మందు. దానికి మోటార్ మార్చి ఉపయోగం లేదు, కొత్త మోటార్ కూడా అదే లగ్గు నుంచి అదే తక్కువ వోల్టేజ్ తాగాలి.

స్టీరింగ్ కంట్రోలర్ దొరకడం లేదు అన్న రకం కోడ్ వస్తే క్యాన్ లైన్, అంటే బండిలోని కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు, చూడాలి. కట్-ఆఫ్ ఆఫ్ చేసి, డయాగ్నసిస్ సాకెట్‌లో క్యాన్ హై, క్యాన్ లో మధ్య ఓమ్స్ కొలిస్తే 60 రావాలి. 120 వస్తే రెండు చివర్లలో ఒకటి ఊడింది, లేదా మధ్యలో తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. దీని మీద ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదు.

ఇప్పుడు మోటారూ కంట్రోలరూ

వోల్టేజ్ నిండుగా చేరుతోంది, వైర్లు బాగున్నాయి, చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయి, అయినా మోటార్ కదలడం లేదు అంటేనే ఇక్కడికి రావాలి. ఈ 24 వోల్టుల బళ్ళలో ఎక్కువగా ఉండేది బ్రష్‌లు లేని మోటార్, దానికి కంట్రోలరే 24 వోల్టుల కరెంటుని మూడు ఫేజులుగా మార్చి ఇస్తుంది. ప్లస్, మైనస్ నేరుగా ఇచ్చి తిప్పి చూసే పాత పద్ధతి దీనికి పనికిరాదు. అలా చేస్తే తిరగదు సరికదా, కంట్రోలర్ కలిసి ఉన్న యూనిట్ అయితే అదీ పోతుంది.

బ్యాటరీ విప్పి, కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మోటార్ మూడు ఫేజు వైర్లు కంట్రోలర్ నుంచి విప్పండి. పంపు నుంచి వేరు చేసిన మోటార్ షాఫ్టుని చేత్తో తిప్పండి. మూడు వైర్ల చివరలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఉన్నప్పుడు షాఫ్టు తేలిగ్గా తిరగాలి, లోపలి అయస్కాంతాల వల్ల చిన్న చిన్న మెట్లు తెలుస్తాయి, అది సహజం. రెండు వైర్లు కలిపి పట్టుకుని తిప్పితే గట్టిగా వెనక్కి లాగుతుంది, అదీ సహజమే. వైర్లు విడిగా ఉన్నా లాగుతోందంటే వైండింగ్ లోపల షార్ట్ అయింది, అప్పుడు మోటార్ పోయినట్టే. విడిగా ఉన్నప్పుడు తేలిగ్గా తిరిగి, కంట్రోలర్‌కి బిగించగానే బ్యాటరీ లేకపోయినా లాగుతుంటే మోటార్ మంచిది, కంట్రోలర్‌లో కరెంటుని వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్ (మాస్‌ఫెట్) షార్ట్ అయింది. ఖరీదైన పరికరం లేకుండా చేతులతో తేల్చగల పరీక్ష ఇది. నాకు దీని మీద చాలా గురి.

మాస్‌ఫెట్‌లని టెస్టర్ డయోడ్ మోడ్‌లో నిర్ధారించుకోవచ్చు. ఎర్ర ప్రోబ్ కంట్రోలర్ మైనస్ బోల్టు మీద, నల్లది ఒక్కో ఫేజు మీద. మూడింటికీ 0.4 నుంచి 0.6 మధ్య దాదాపు ఒకేలా రావాలి. తర్వాత ఎర్రది ఒక్కో ఫేజు మీద, నల్లది ప్లస్ బోల్టు మీద పెట్టినా అంతే. ఏదైనా ఒకటి సున్నాకి దగ్గరగా వచ్చి బీప్ అంటే ఆ మాస్‌ఫెట్ పోయింది.

ఫేజుల మధ్య రెసిస్టెన్స్ మిల్లీ ఓమ్‌లలో ఉంటుంది, మామూలు టెస్టర్‌కి అందదు. బెంచ్ పవర్ సప్లై ఉంటే రెండు ఫేజుల మధ్య 5 ఆంప్స్ పారించి, ఆ చివరల మీద మిల్లీ వోల్టులు కొలవండి. 50 మిల్లీ వోల్టులు వస్తే 10 మిల్లీ ఓమ్‌లు. మూడు జతలూ సమానంగా ఉండాలి. ఎంత ఉండాలి అన్నదానికన్నా మూడూ సమానమా కాదా అన్నదే ముఖ్యం. ఏ ఫేజుకీ మోటార్ బాడీకీ మధ్య దారి ఉండకూడదు. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వాడేట్టయితే కంట్రోలర్ పూర్తిగా విప్పాకే, మోటారుకి మాత్రమే. కంట్రోలర్ కలిపి ఉండగా మెగ్గర్ తిప్పితే బాగున్న ఎలక్ట్రానిక్స్ మన చేతులతో చంపుకున్నట్టే.

మోటార్ కదలబోయి, వణికి ఆగిపోతుంటే షాఫ్టు ఏ కోణంలో ఉందో కంట్రోలర్‌కి చెప్పే పొజిషన్ సెన్సర్ చూడండి. అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు మూడు ఉన్న రకమైతే వాటికి 5 వోల్టుల సప్లై వస్తోందా, షాఫ్టు నెమ్మదిగా తిప్పుతుంటే మూడు సిగ్నళ్ళూ సున్నాకీ 5కీ మధ్య వంతులవారీగా మారుతున్నాయా చూడాలి. మామూలుగా వాడే 120 డిగ్రీల అమరికలో మూడూ ఒకేసారి 5లో గానీ మూడూ ఒకేసారి సున్నాలో గానీ ఉండవు. అలా ఉంటే ఒక సెన్సర్ గానీ దాని వైరు గానీ పోయింది.

మీది పంపు రకం కాబట్టి చేతి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ గోల లేదు. స్టీరింగ్ కాలమ్ మీదే మోటార్ ఉండే చిన్న లారీల వాళ్ళు ఇది చదువుతుంటే మాత్రం ఒక్క మాట. చాలావాటిలో టార్క్ సెన్సర్‌కి రెండు సిగ్నళ్ళు ఉంటాయి, చెయ్యి వదిలేస్తే రెండూ 2.5 వోల్టుల దగ్గర, తిప్పితే ఒకటి పెరిగినంత రెండోది తగ్గుతుంది, కలిపితే ఎప్పుడూ 5. ఆ మొత్తం తప్పితే మోటార్ మంచిదైనా కంట్రోలర్ సాయం చేయదు.

ఉప్పుగాలి, నీళ్ళు, వెల్డింగు

మన తీరంలో లోపాలు ఎక్కువగా కప్లర్ల (వైర్లు కలిపే ప్లగ్గుల) దగ్గరే పుడతాయి. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బళ్ళలో కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. పిన్ను శుభ్రం చేసి వదిలేస్తే చాలదు. ఉప్పునీరు ఇన్సులేషన్ లోపల రాగి తీగ వెంట పైకి పాకుతుంది. వైరుని రెండు వేళ్ళ మధ్య వంచి చూడండి, లోపల పొడిపొడిగా కరకరమంటే అది నల్లబడిపోయిందని అర్థం. ఎర్రటి రాగి కనిపించేదాకా కోసుకుంటూ వెళ్ళి, కొత్త వైరు కలిపి, తగరం పూసిన లగ్గు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ వేయాలి. సుత్తితో కొట్టి టేపు చుట్టిన లగ్గు ఇక్కడి గాలికి రెండు వర్షాకాలాలు ఆగదు. 2018లో తిత్లీ తుఫాను తర్వాత పలాస వైపు నుంచి నీళ్ళలో నిలిచిన లారీలు వచ్చాయి. ఆరబెట్టగానే అన్నీ స్టార్ట్ అయ్యాయి. వైరింగ్ జబ్బులు నెలల తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. సర్వీస్ స్టేషన్‌లో కూడా ప్రెషర్ గన్‌ని స్టీరింగ్ మోటార్ కప్లర్ మీదికి సూటిగా పెట్టనివ్వకండి.

వెల్డింగు ఇంకో పెద్ద శత్రువు. బాడీకి చిన్న పని అని చెప్పి బ్యాటరీ విప్పకుండానే ఆర్క్ వెల్డింగు చేసేస్తారు. వెల్డింగు ఎర్త్ క్లాంపు దూరంగా తగిలిస్తే ఆ కరెంటు చాసిస్ మీదుగా కంట్రోలర్ ఎర్త్ దారి పట్టొచ్చు. వెల్డింగుకి ముందు రోజు బాగున్న కంట్రోలర్ తర్వాత రోజు మాస్‌ఫెట్ షార్ట్‌తో వచ్చిన బండి నేను చూశాను. బ్యాటరీ రెండు టెర్మినళ్ళూ, కంట్రోలర్ కప్లర్లూ విప్పించి, వెల్డింగు ఎర్త్ పనిచేసే చోటికి దగ్గరగా పెట్టించండి. మీ బస్సుకి ఈమధ్య ఏదైనా బాడీ పని జరిగిందేమో గుర్తు తెచ్చుకోండి.

ఫ్యూజు గురించి కూడా. పోయిన చోట అంతకంటే పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం వద్దు. 80 ఆంప్స్ పారే లైన్‌లో ఫ్యూజు పనిచేయకపోతే వైరు అంటుకుంటుంది, పైన జనం కూర్చుని ఉంటారు.

బండి అప్పటిదాకా నడపొచ్చా

జనాన్ని ఎక్కించుకుని వద్దు. మోటార్ ఆగినా స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప సంబంధం ఉంటుంది, తిరుగుతుంది. కానీ అంత బరువున్న బండిని సాయం లేకుండా తిప్పడానికి రెండు చేతుల బలం మొత్తం కావాలి. ఇప్పుడు గేటు దగ్గర అవుతున్నది, లగ్గు ఇంకొంచెం వదులైతే రణస్థలం జంక్షన్‌లో మలుపు మధ్యలో అవుతుంది. డ్రాప్ పరీక్షకి గంట చాలు, ఒక ట్రిప్పు మానేసైనా చేయించండి.

ఒకవేళ ఇవన్నీ దాటి మోటారో కంట్రోలరో నిజంగా మార్చాల్సే వస్తే, బిగించాక పని అయిపోయిందనుకోకండి. ఆయిల్ పోసి గాలి తీయించాలి, లేకపోతే నురగ వచ్చి పంపు గోల పెడుతుంది. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న బండిలో చక్రాలు తిన్నగా పెట్టి స్కానర్‌తో జీరో సెట్ చేయించాలి. తర్వాత అదే ఫుల్ కటింగ్ పరీక్ష, అదే క్లాంప్ మీటర్, కొత్త దానితో. పాత అసెంబ్లీని వెంటనే వాళ్ళకి ఇచ్చేయకండి, కొత్తది కూడా గేటు దగ్గర ఆగితే పాతది మంచిదని తేలుతుంది.

ఇవి కొలిపించి నాలుగు అంకెలు ఇక్కడే రాయండి తమ్ముడూ: ఫుల్ కటింగ్‌లో ప్లస్ వైపు డ్రాప్, మైనస్ వైపు డ్రాప్, రెండు బ్యాటరీల విడి వోల్టేజీలు. ఎర్రర్ కోడ్ ఫోటో ఉంటే అదీ పెట్టండి. అవి చూశాక మోటార్ గురించి మాట్లాడదాం, అప్పటిదాకా వర్క్‌షాపుకి అడ్వాన్స్ ఇవ్వకండి.